‘ఏఎన్ఏ పాజిటివ్’ అన్న ఒక్క ముక్కతో రిపోర్టు ముగించకండి

తెలుగు రాష్ట్రాల్లో వైద్య పరీక్షా కేంద్రాలు నడుపుతున్నవారికి, ఆ రిపోర్టుల మీద సంతకం చేసే పాథాలజీ, మైక్రోబయాలజీ వైద్యులకు, ఆ పరీక్షలు రాసే జనరల్ ఫిజీషియన్లకు, ఎముకల వైద్యులకు, చర్మవైద్యులకు, గైనకాలజిస్టులకు నమస్కారం.

కీళ్లవాతం, లూపస్ వంటి ఆటోఇమ్యూన్ జబ్బులకు, అంటే రక్షణ వ్యవస్థే సొంత శరీరం మీద దాడి చేసే జబ్బులకు, వైద్యం చేసే రుమటాలజిస్టుగా ఈ లేఖ రాస్తున్నాను. నా ఓపీకి కొత్తగా వచ్చేవారిలో చాలామంది చేతిలో ముందుగానే ఒక కాగితం ఉంటుంది. దాని మీద ‘ఏఎన్ఏ – పాజిటివ్’ అని లావు అక్షరాల్లో అచ్చయి ఉంటుంది. ఏఎన్ఏ అంటే మన కణాల కేంద్రకానికే అతుక్కునే యాంటీబాడీలు. కొన్నిటి మీద పక్కనే ‘1.4’ అనో ‘2.1’ అనో ఒక అంకె, దాని ఎదురుగా ఇంతకంటే తక్కువ ఉండాలని మరో అంకె ఉంటాయి. పరీక్ష ఏ పద్ధతిలో చేశారో ఉండదు. సీరంను, అంటే రక్తంలోని ద్రవభాగాన్ని, ఎంత పలుచన చేసేవరకు ఫలితం నిలిచిందో ఉండదు. కణంలో ఏ భాగం వెలిగిందో ఉండదు. ఆ కాగితం చేతికి అందిన రోజు నుంచి నా దగ్గరకు వచ్చేలోపు ఆ మనిషి ఫోనులో ‘లూపస్’ అని వెతికి, ఉన్న నిద్ర పోగొట్టుకుని ఉంటారు. ఈ భయంలో చాలా భాగం మనం తీయగలిగినదే. అదే సమయంలో, నిజంగా లూపస్ ఉన్నవాళ్లను మనం ఆలస్యంగా గుర్తిస్తున్నాం. ఈ రెండు నష్టాలకూ మూలం ఒక్కటే: ఆటోయాంటీబాడీ (సొంత శరీరానికే అతుక్కునే యాంటీబాడీ) పరీక్షను జబ్బుకు బదులుగా చదవడం.

ఏఎన్ఏ పరీక్షలో జరిగేదేమిటో ఈ లేఖ చదివే వైద్యులందరికీ తెలుసు. అయినా ఒకసారి ఆ పరీక్షను చూసే చీకటి గదిలోకి వెళ్లి రావడం అవసరమనిపిస్తోంది, ఎందుకంటే రిపోర్టులో రాకుండా పోతున్న సమాచారమంతా అక్కడే ఉంది. గాజు పలక మీద హెప్-2 అనే మానవ కణాలు పరిచి ఉంటాయి. రోగి సీరంను పలుచన చేసి ఆ కణాల మీద వేస్తారు, కొంతసేపు ఉంచి కడుగుతారు, ఆ తరువాత మనిషి యాంటీబాడీలను పట్టుకునే, వెలుగునిచ్చే రంగు అతికించిన మరో ద్రవం వేసి మళ్లీ కడుగుతారు. సూక్ష్మదర్శినిలో చూస్తే, కణకేంద్రకానికి అతుక్కునే యాంటీబాడీ ఆ సీరంలో ఉన్నచోట ఆకుపచ్చని వెలుగు కనిపిస్తుంది. కేంద్రకమంతా ఒకే తీరుగా వెలిగి, విభజనలో ఉన్న కణంలోని క్రోమోజోముల పట్టీ కూడా వెలిగితే అది డీఎన్ఏకో, దానితో కలిసి ఉండే హిస్టోన్ ప్రొటీన్లకో సంబంధించినది కావచ్చు. ఇసుక చల్లినట్లు సన్నని చుక్కలు వచ్చి, విభజన కణంలోని పట్టీ మాత్రం నల్లగా మిగిలితే రో, లా, ఎస్ఎమ్, ఆర్ఎన్‌పీ అనే యాంటీబాడీల వైపు చూడాలి. లెక్కపెట్టడానికి వీలయ్యేంత విడివిడిగా, ఒకే పరిమాణంలో నలభై, యాభై చుక్కలు కనిపిస్తే అది సెంట్రోమియర్ (క్రోమోజోములోని ఒక భాగం) యాంటీబాడీ. చర్మం బిగుసుకునే స్క్లీరోడెర్మాలో పరిమిత రకాన్ని తలచుకోవాలి. ఇంత చూసిన కన్ను చివరికి ‘పాజిటివ్’ అని ఒక్క మాట రాసి ఊరుకుంటే, ఉత్తరం మీద ఊరి పేరు రాసి ఇంటి నంబరు వదిలేసినట్లే.

ఇక అంకెల సంగతి. 1997లో ఇంగ్ టాన్, ఆయన సహచరులు అనేక దేశాల ప్రయోగశాలలను కలుపుకుని ఆరోగ్యవంతుల సీరంను పరీక్షించారు. 1:40 పలుచన దగ్గర, అంటే సీరంను నలభై రెట్లు పలుచన చేసినప్పుడు, వారిలో 31.7 శాతం మందికి ఏఎన్ఏ పాజిటివ్ వచ్చింది. 1:80 దగ్గర 13.3 శాతం, 1:160 దగ్గర 5 శాతం, 1:320 దగ్గర కూడా 3.3 శాతం మందికి వచ్చింది. వీళ్లంతా ఏ జబ్బూ లేనివాళ్లు. అంటే 1:80 పాజిటివ్ అనేది ఆరోగ్యవంతుల్లో ఎనిమిది మందిలో ఒకరికి సుమారుగా ఉండే లక్షణం. లూపస్ ఉన్నవారిలో మాత్రం ఈ పలుచన దగ్గర దాదాపు 98 శాతం మందికి పాజిటివ్ వస్తుంది. ఈ రెండు వాస్తవాలను పక్కపక్కన పెట్టుకుంటే పరీక్ష స్వభావం తెలుస్తుంది. నెగటివ్ వస్తే లూపస్ చాలామటుకు కాదనవచ్చు. పాజిటివ్ వచ్చినంత మాత్రాన అవుననడానికి ఏమీ లేదు.

ఒక లెక్క వేసి చూద్దాం. ఒళ్లు నొప్పులు, నీరసం తప్ప మరే లక్షణమూ లేని వెయ్యి మంది స్త్రీలకు ఏఎన్ఏ చేయించామనుకుందాం. వారిలో అయిదుగురికి లూపస్ ఉందనుకుందాం. ఆ అయిదుగురూ పాజిటివ్ వస్తారు. మిగిలిన 995 మందిలో, పైన చెప్పిన 13.3 శాతం చొప్పున, మరో 132 మంది కూడా పాజిటివ్ వస్తారు. మొత్తం 137 కాగితాల్లో జబ్బు ఉన్నవి అయిదు. ఇప్పుడు ఇదే పరీక్షను ముక్కు మీదుగా బుగ్గలపై ఎర్రటి మచ్చ, నోట్లో నొప్పి లేని పుండ్లు, తెల్లరక్తకణాల తగ్గుదల, మూత్రంలో ప్రొటీన్ ఉన్న వెయ్యి మందికి చేశామనుకుందాం. వారిలో సగం మందికి లూపస్ ఉందనుకుంటే పాజిటివ్ వచ్చే 556 మందిలో 490 మంది నిజమైన రోగులే. పరీక్ష మారలేదు, కిట్ మారలేదు, సంతకం చేసిన వైద్యుడూ మారలేదు. మారింది పరీక్షకు ముందు రోగిని చూసి, విని, పట్టుకుని తెలుసుకున్నది. అందువల్లనే ‘జాయింట్ పెయిన్ ప్యాకేజీ’, ‘ఆర్థరైటిస్ ప్రొఫైల్’, ‘ఫుల్ బాడీ చెకప్’ వంటి పేర్లతో ఏఎన్ఏను, కీళ్లవాతానికి చేసే రుమటాయిడ్ ఫ్యాక్టర్‌ను, స్ట్రెప్టోకోకస్ ఇన్ఫెక్షన్ జాడను చూపే ఏఎస్ఓను మూటగట్టి అమ్మడం మానుకోవాలని పరీక్షా కేంద్రాల యాజమాన్యాలను చేతులు జోడించి అడుగుతున్నాను. ఏఎస్ఓ పెరిగిందన్న ఒకే కారణంతో నడివయసు వారికి ఏళ్ల తరబడి పెన్సిలిన్ ఇంజెక్షన్లు వేయడం మన ఊళ్లలో ఇంకా జరుగుతోంది. అదీ ఈ మూటల పుణ్యమే.

మన ప్రాంతానికి సంబంధించి మరొక జాగ్రత్త అవసరం. క్షయ, కుష్ఠు, మలేరియా, హెపటైటిస్ సీ వంటి దీర్ఘకాలిక లేదా తీవ్రమైన ఇన్ఫెక్షన్లలో ఏఎన్ఏ పాజిటివ్ రావచ్చు. థైరాయిడ్ గ్రంథి మీద శరీరమే దాడి చేసే జబ్బులోనూ తరచుగా వస్తుంది. క్షయకు వాడే ఐసోనియాజిడ్ వల్ల కొంతమందిలో ఏఎన్ఏ పుడుతుంది, అందులోనూ బహు కొద్దిమందికి కీళ్లనొప్పులు, జ్వరం, ఊపిరితిత్తుల పొరల వాపుతో మందు వల్ల కలిగే లూపస్ వస్తుంది. అప్పుడు హిస్టోన్ యాంటీబాడీలు కనిపిస్తాయి, మందు ఆపితే జబ్బూ తగ్గుతుంది. కనుక నెలల తరబడి జ్వరం, బరువు తగ్గడం, మెడలో గడ్డలు ఉన్న మనిషికి ఏఎన్ఏ పాజిటివ్ వస్తే, క్షయ కాదని తేల్చుకోకుండా ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెట్టడం ప్రాణం మీదికి తెచ్చే పని. స్టెరాయిడ్‌తో జ్వరం నాలుగు రోజులు తగ్గుతుంది, ఆకలి పెరుగుతుంది, రోగి సంతోషిస్తాడు. లోపల క్షయ పాకుతూనే ఉంటుంది. ఇలాంటివారు మా దగ్గరకు చేరేసరికి మెదడు పొరలకో వెన్నుపూసలకో జబ్బు పాకి ఉన్న సందర్భాలున్నాయి.

కాగితం చేసే కీడు శరీరానికి మాత్రమే పరిమితం కాదు. పెళ్లి కుదిరిన ఒక అమ్మాయిని ఇరువైపుల పెద్దలూ కలిసి నా గదికి తీసుకువచ్చారు. జుట్టు రాలుతోందని చేయించిన పరీక్షల్లో ఏఎన్ఏ 1:100 దగ్గర బలహీనంగా పాజిటివ్ వచ్చింది. మచ్చ లేదు, పుండు లేదు, కీళ్ల వాపు లేదు. రక్తకణాల లెక్క, మూత్రం మామూలుగా ఉన్నాయి. ఐరన్ మాత్రం బాగా తక్కువగా ఉంది. అమ్మాయి తలెత్తలేదు. అబ్బాయి మేనత్త రిపోర్టును మడతలు విప్పి నా ముందు పెట్టి, “డాక్టరుగారూ, ఇది ముందు ముందు పిల్లలకు కూడా వస్తుందా?” అని అడిగారు. ఆమెలో దురుద్దేశం లేదు, భయం ఉంది. ఆ భయాన్ని పుట్టించింది లావు అక్షరాల్లో అచ్చయిన ఒక్క మాట. ఆ రిపోర్టు కింద ‘ఈ స్థాయి ఫలితం ఆరోగ్యవంతుల్లోనూ తరచుగా కనిపిస్తుంది, లక్షణాలతో కలిపి మాత్రమే అర్థం చేసుకోవాలి’ అని రెండు వాక్యాలు తెలుగులో ఉండి ఉంటే ఆ కుటుంబాలు అంతదూరం వచ్చేవి కావు.

అందుకే రిపోర్టు రాసేవారిని నేను కోరేది ఇది. ఇమ్యునోఫ్లోరోసెన్స్ (పైన చెప్పిన, కణాల వెలుగు చూసే) పద్ధతిలో చేశారా, ఎలైసా (యంత్రం అంకె ఇచ్చే) పద్ధతిలో చేశారా అన్నది రిపోర్టు మొదటి వరుసలోనే ఉండాలి. ఇమ్యునోఫ్లోరోసెన్స్ అయితే మొదటి పలుచన ఎంతో, చివరిగా ఏ పలుచన వరకు వెలుగు నిలిచిందో రాయాలి. ‘ఒక ప్లస్, రెండు ప్లస్’ అన్న గుర్తులు చూసేవారి కంటిని బట్టి, దీపాన్ని బట్టి మారతాయి. అవి టైటర్‌కు, అంటే ఆ చివరి పలుచన అంకెకు, ప్రత్యామ్నాయం కావు. వెలుగు రూపాన్ని అంతర్జాతీయంగా అంగీకరించిన ఐక్యాప్ పట్టికలోని పేరుతో, ఏసీ సంఖ్యతో రాస్తే, విజయనగరంలో చేసిన రిపోర్టును హైదరాబాదులోని వైద్యుడూ, డల్లాస్‌లో ఉన్న కూతురు చూపించిన వైద్యుడూ ఒకేలా చదవగలుగుతారు. ముఖ్యంగా ఏసీ-2 అనే రూపాన్ని గుర్తుపట్టడం నేర్చుకోవాలని సాంకేతిక సిబ్బందికి నా విన్నపం. కేంద్రకంలో దట్టంగా, సన్నగా చుక్కలు ఉండి, విభజన కణంలోని పట్టీ కూడా చుక్కలుగా మెరిసే ఈ రూపం చాలాసార్లు డీఎఫ్ఎస్-70 అనే యాంటీబాడీ వల్ల వస్తుంది. మరే ఇతర ఆటోయాంటీబాడీ లేకుండా ఇది ఒక్కటే ఉన్నప్పుడు లూపస్ వంటి జబ్బు ఉండే అవకాశం తక్కువ. టైటర్ 1:640 ఉన్నా సరే, ఈ ఒక్క గుర్తింపు రోగికి ఎంతో ఉపశమనం ఇస్తుంది. దీనిని ‘స్పెకిల్డ్’ (చుక్కల రూపం) అని ఒకే గాటన కట్టేస్తే ఆ అవకాశం పోతుంది.

ఎలైసాతో చేసే ఏఎన్ఏ గురించి ఎక్కువ చెప్పను. యంత్రంలో ఒకేసారి ఎన్నో నమూనాలు చేయడానికి అది సౌకర్యమే. కానీ ఆ కిట్‌లో తయారీదారు పెట్టిన కొద్ది యాంటిజెన్లే (యాంటీబాడీలు అతుక్కునే పదార్థాలే) ఉంటాయి, హెప్-2 కణంలో వందకు పైగా ఉంటాయి. అమెరికన్ రుమటాలజీ సంఘం ఏఎన్ఏకు ఇమ్యునోఫ్లోరోసెన్స్‌నే ప్రమాణంగా నిలబెట్టడానికి కారణం ఇదే. సౌకర్యం కోసం ఎలైసా చేసేవారు కనీసం ఆ మాట రిపోర్టులో దాచకుండా రాయాలి.

‘ఏఎన్ఏ ప్రొఫైల్’ లేక ‘బ్లాట్’ అని పిలిచే పట్టీ పరీక్ష దగ్గర కాస్త ఆగాలి. సన్నని పట్టీ మీద వరుసగా పదిహేను, పదిహేడు యాంటిజెన్ల గీతలు. సీరం తగిలితే కొన్ని గీతలు ముదురుతాయి. ఏఎన్ఏ నెగటివ్ వచ్చినా, లక్షణాలు లేకపోయినా దీనిని చేయించడం వల్ల ఏదో ఒక గీత లేతగా కనిపించి, దాని వెనుక మరో నాలుగు పరీక్షలు నడుస్తాయి. లక్షణాల అనుమానం, పాజిటివ్ ఏఎన్ఏ రెండూ లేనిదే ఈ విడి యాంటీబాడీలను అడగవద్దని అమెరికన్ రుమటాలజీ సంఘం 2013లోనే చెప్పింది. ఈ పట్టీ మీద నేను తరచుగా చూసే పొరపాటు ఒకటుంది. చాలా కిట్లలో ‘ఎన్ఆర్ఎన్‌పీ/ఎస్ఎమ్’ అని ఒక గీత, ‘ఎస్ఎమ్’ అని విడిగా మరొక గీత ఉంటాయి. మొదటిది ముదిరి రెండవది ఖాళీగా ఉంటే అది సాధారణంగా ఆర్ఎన్‌పీ యాంటీబాడీ. అందులో ‘ఎస్ఎమ్’ అన్న అక్షరాలు చూసి ‘ఎస్ఎమ్ పాజిటివ్, లూపస్ ఖాయం’ అని రోగికి చెప్పి పంపుతున్నారు. ఆర్ఎన్‌పీ ఎక్కువగా ఉండి, చలికి వేళ్లు తెల్లబడటం, చేతులు ఉబ్బడం, కండరాల వాపు ఉంటే అది 1972లో గోర్డన్ షార్ప్ బృందం వర్ణించిన మిశ్రమ సంయోజక కణజాల వ్యాధి కావచ్చు. దాని దారి వేరు, ఊపిరితిత్తుల రక్తపోటు కోసం కనిపెట్టుకుని ఉండాల్సిన జబ్బు అది.

లూపస్‌కు నిజంగా దగ్గరగా ఉన్నవి రెండు యాంటీబాడీలు: డీఎస్-డీఎన్ఏ (రెండు పోగుల డీఎన్ఏకు అతుక్కునేది), ఎస్ఎమ్. రెండవదాన్ని 1966లో ఇంగ్ టాన్, హెన్రీ కుంకెల్ వర్ణించి, అది దొరికిన రోగి ఇంటిపేరులోని మొదటి అక్షరాలనే దానికి పెట్టారు. లూపస్ రోగుల్లో కొద్దిభాగంలోనే ఎస్ఎమ్ ఉంటుంది కానీ, ఉన్నప్పుడు వేరే జబ్బు అని అనుమానించడానికి పెద్దగా తావుండదు. ఒకసారి తేలిన తరువాత దానిని మళ్లీ మళ్లీ చేయించనవసరం లేదు. డీఎస్-డీఎన్ఏ అలా కాదు. అది మూత్రపిండాల జబ్బుతో ముడిపడి, జబ్బు ఉధృతిని బట్టి చాలామందిలో పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. సీ3, సీ4 అనే కాంప్లిమెంట్ (రక్తంలోని రక్షణ) ప్రొటీన్లు తగ్గుతుండగా ఇది పెరుగుతుంటే మనం మేలుకోవాలి. అయితే ఎలైసాలో కొద్దిగా పెరిగిన డీఎస్-డీఎన్ఏ, బలహీనంగా అతుక్కునే యాంటీబాడీల వల్ల కూడా కావచ్చు. క్రిథీడియా లూసిలియే అనే ఏకకణ జీవిలో వలయాకారపు డీఎన్ఏ ముద్ద ఒకటి ఉంటుంది. ఆ ముద్ద వెలిగిందా లేదా అని చూసే పరీక్ష తక్కువమందిని పట్టుకుంటుంది కానీ, పట్టుకున్నవారిని దాదాపు తప్పుగా పట్టుకోదు. ఎలైసాలో అనుమానాస్పదంగా వచ్చినప్పుడు దీనితో రూఢి చేసే సదుపాయం పెద్ద కేంద్రాలైనా కల్పించాలి. 1948లో మేయో క్లినిక్‌లో హార్‌గ్రేవ్స్ బృందం కనిపెట్టిన, ఒకప్పుడు లూపస్‌కు గుర్తుగా చూసిన ఎల్‌ఈ కణం వైద్యచరిత్రలో గొప్ప మలుపే అయినా, ఆ పరీక్ష ఇంకా కొన్ని ధరల పట్టికల్లో ఉండటానికి ఇప్పుడు ఏ కారణమూ లేదు, దయచేసి తీసివేయండి.

పరీక్షలు రాసే వైద్యులతో ఒక మాట. ఒక పల్లె నుంచి వచ్చిన ఇరవై ఏళ్ల యువతి దగ్గర ఏఎన్ఏ రిపోర్టు, దాని వెంట ప్రొఫైల్, మరో కేంద్రంలో మళ్లీ చేయించిన ఏఎన్ఏ అన్నీ పాలిథీన్ కవరులో భద్రంగా ఉన్నాయి. పొద్దున లేచేసరికి కళ్ల చుట్టూ ఉబ్బు, సాయంత్రానికి చెప్పు పట్టీ పాదంలోకి దిగబడుతోంది. మూత్రం మాత్రం ఎవరూ చూడలేదు. మా ఓపీ పక్క గదిలో ఆమె మూత్రంలో ముంచిన పట్టీ మీద ప్రొటీన్ గడి పసుపు నుంచి ముదురు ఆకుపచ్చకు తిరగడానికి నిమిషం పట్టింది. ఆ తరువాత బయాప్సీలో నాలుగవ తరగతి నెఫ్రైటిస్ (మూత్రపిండాల వాపు) తేలింది. మూత్ర పరీక్షకు వంద, రెండు వందల రూపాయలు చాలు. ఆ కవరులోని కాగితాలకు వేల రూపాయలు అయ్యాయి. లూపస్ అన్న అనుమానం మీ మనసులో మెదిలిన మరుక్షణం రాయవలసినవి బీపీ, రక్తకణాల లెక్క, క్రియాటినిన్, మూత్ర పరీక్ష, మూత్రంలో ప్రొటీన్–క్రియాటినిన్ నిష్పత్తి. యూరోపియన్, అమెరికన్ రుమటాలజీ సంఘాలు 2019లో కలిసి రూపొందించిన వర్గీకరణలో 1:80 ఏఎన్ఏ లోపలికి రావడానికి గుమ్మం మాత్రమే, దానికి ఒక్క పాయింటు కూడా లేదు. మూడు, నాలుగు తరగతుల నెఫ్రైటిస్ ఒక్కదానికే 10 పాయింట్లు, అంటే లూపస్‌గా లెక్కించడానికి కావలసినవన్నీ. పైగా ఆ వర్గీకరణ పరిశోధనల కోసం చేసినది, రోగి ముందు కూర్చున్న వైద్యుడి నిర్ణయానికి బదులు కాదు.

గైనకాలజిస్టులకు ప్రత్యేకంగా రాయవలసింది రో యాంటీబాడీ గురించి. ఎస్ఎస్ఏ అని కూడా పిలిచే ఈ యాంటీబాడీ లూపస్‌లోనూ, కళ్లూ నోరూ ఎండిపోయే షోగ్రెన్ జబ్బులోనూ ఉంటుంది, ఏ లక్షణమూ లేని తల్లిలోనూ ఉండవచ్చు. అది మాయ దాటి బిడ్డను చేరుతుంది. పుట్టిన బిడ్డకు ఎండ తగిలినచోట వచ్చే వలయాకారపు మచ్చలు తల్లి యాంటీబాడీలు కరిగిపోగానే, ఆరు నుంచి ఎనిమిది నెలల్లో, వాటంతట అవే పోతాయి. గుండె సంగతి అలా కాదు. రో ఉన్న తల్లుల బిడ్డల్లో ఒకటి, రెండు శాతం మందికి గుండెలో విద్యుత్ ప్రసార మార్గం దెబ్బతిని, పూర్తి హార్ట్ బ్లాక్ వస్తుంది. అది వస్తే తిరిగి బాగుపడదు, చాలామందికి పేస్‌మేకర్ కావాలి. ఒక బిడ్డకు వచ్చిన తల్లికి తరువాతి కాన్పులో మళ్లీ వచ్చే అవకాశం 16 నుంచి 20 శాతం వరకు ఉంటుంది. అలాంటి తల్లులకు తొలి వారాల నుంచే హైడ్రాక్సీక్లోరోక్విన్ ఇస్తే ఆ ముప్పు సగానికి పైగా తగ్గినట్లు 2020లో వెలువడిన అధ్యయనం చూపింది. ఎక్కువగా 18వ వారం నుంచి 24వ వారం మధ్య బయటపడే జబ్బు కాబట్టి ఆ రోజుల్లో గర్భంలోని బిడ్డ గుండెను ఎకోలో చూడాలి. గర్భంలో బిడ్డ గుండె నిమిషానికి యాభై, అరవై సార్లే కొట్టుకుంటోందని తెలిసినప్పుడు తల్లికి రో పరీక్ష చేయకుండా వదలకండి. ఆమెకు ఒంట్లో ఏ బాధా లేకపోవచ్చు, ఏఎన్ఏ కూడా నెగటివ్‌గా ఉండవచ్చు, ఎందుకంటే కొన్ని హెప్-2 పలకల మీద రో సరిగా కనబడదు. ఇక పట్టీ మీద కనిపించే రో-52ను, అసలు రో-60ని కలిపి ‘ఎస్ఎస్ఏ పాజిటివ్’ అని రాయవద్దని పరీక్షా కేంద్రాలకు విన్నపం. రో-52 ఒక్కటే ఉండటం కండరాల వాపు జబ్బుల్లోనూ, ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బుల్లోనూ కనిపిస్తుంది. దానిని విడిగా చెబితేనే మేము ఆ వైపు చూడగలం.

వరుసగా గర్భస్రావాలు జరిగినవారికి, చిన్న వయసులో కాళ్ల సిరల్లోనో మెదడులోనో రక్తం గడ్డకట్టినవారికి చేసే యాంటీఫాస్ఫోలిపిడ్ పరీక్షల్లో ఒక్కసారి వచ్చిన పాజిటివ్‌తో ఏమీ తేల్చరాదు. ఇన్ఫెక్షన్ తరువాత ఇవి కొన్నాళ్లు కనిపించి మాయమవుతాయి. కనీసం 12 వారాల తరువాత మళ్లీ చేసి, రెండుసార్లూ వస్తేనే దానికి విలువ. ఎందుకంటే దాని మీద జీవితాంతం రక్తం పలుచన చేసే మందులు వాడటమనే నిర్ణయం ఆధారపడి ఉంటుంది. హెపారిన్, వార్ఫారిన్ వాడుతున్నవారిలో వీటిలో ఒకటైన లూపస్ యాంటీకోయాగ్యులెంట్ పరీక్ష తప్పుదారి పట్టించవచ్చు కాబట్టి, రక్తం తీసుకునేటప్పుడే ఆ మందుల సంగతి అడిగి ఫారం మీద రాయించాలి. సిఫిలిస్ కోసం చేసే వీడీఆర్ఎల్ పరీక్షలో వాడే పదార్థంలో కార్డియోలిపిన్ అనే ఫాస్ఫోలిపిడ్ ఉంటుంది కనుక ఈ యాంటీబాడీలు ఉన్న గర్భిణికి సిఫిలిస్ లేకుండానే వీడీఆర్ఎల్ పాజిటివ్ రావచ్చు. రూఢి పరీక్ష చేయకుండా ఆ కాగితం భార్యాభర్తల చేతికి ఇస్తే ఆ ఇంట్లో జరిగేదేమిటో చెప్పనక్కరలేదు.

నెగటివ్ ఏఎన్ఏ కూడా అన్ని తలుపులూ మూయదు. కండరాలు బలహీనపడి, మెట్లు ఎక్కలేక, దగ్గు, ఆయాసం ఉన్న మనిషిలో జో-1 యాంటీబాడీ ఉండవచ్చు. అది కేంద్రకం బయట, కణద్రవంలో వెలుగుతుంది. కణద్రవంలో వెలుగు కనిపించినా ‘ఏఎన్ఏ నెగటివ్’ అని మాత్రమే రాసి ముగించే అలవాటు వల్ల ఆ ఆధారం మాకు అందకుండా పోతోంది.

చివరిగా, ఏ లక్షణమూ లేకుండా పాజిటివ్ వచ్చినవారికి ఏం చెప్పాలి? 2003లో అమెరికా సైనిక సిబ్బంది నుంచి ఏళ్ల క్రితం భద్రపరచిన సీరంను పరిశీలించిన అధ్యయనంలో, తరువాతి కాలంలో లూపస్ వచ్చిన 130 మందిలో 88 శాతం మందికి జబ్బు బయటపడక ముందే ఏదో ఒక ఆటోయాంటీబాడీ ఉంది. కొందరిలో తొమ్మిదేళ్లకు పైగా ముందుగానే ఉంది. దీన్ని తిరగేసి, పాజిటివ్ వచ్చినవారందరికీ లూపస్ వస్తుందని చెప్పడం తప్పు. ఆరోగ్యవంతుల అంకెలు పైన చూశాం. వారికి మందు వద్దు, స్టెరాయిడ్ అసలే వద్దు, ఆరు నెలలకొకసారి ఏఎన్ఏ చేయించడమూ వద్దు, ఎందుకంటే టైటర్ పెరుగుదల తరుగుదలలు జబ్బును చెప్పవు. ఎండకు ఎర్రబడే మచ్చలు, ఆరు వారాలకు మించి ఉండే కీళ్ల వాపు, ఊపిరి పీల్చితే గుచ్చుకునే నొప్పి, పాదాల వాపు, నురగలు కట్టే మూత్రం, ఇవి కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా రమ్మని, అర్థమయ్యే తెలుగులో, కాగితం మీద రాసి ఇవ్వాలి.

టైటర్, రూపం, పద్ధతి, తెలుగులో రెండు వాక్యాల వివరణ ఉండే ఒక రిపోర్టు నమూనాను నేను తయారుచేసి ఉంచాను. ఏ కేంద్రం అడిగినా ఉచితంగా ఇస్తాను, సాంకేతిక సిబ్బందితో కూర్చుని పలకలు చూడటానికీ వస్తాను. ఒకే రోగి నమూనాల్లో డీఎస్-డీఎన్ఏ బాగా ఎక్కువగా, మూత్రంలో ప్రొటీన్ రెండు ప్లస్ లేక అంతకు మించి కనిపిస్తే, ఆ ఫలితాన్ని రక్తంలో పొటాషియం ఆరు దాటినప్పుడు ప్రాణాపాయ సూచనగా ఎలా చూస్తారో అలాగే చూసి, రిపోర్టు అచ్చయ్యేదాకా ఆగకుండా రాసిన వైద్యుడికి అదే రోజు ఫోను చేయమని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక రుమటాలజిస్టు